పన్నెండు బోరుతో పద్దెనిమిదేళ్లు: తుపాకీకి మంచి మార్కులే, మార్చిన తూటా మందుకు మాత్రం సున్నా

ఆర్మీ నుంచి వచ్చాక 2006లో లైసెన్సు తీసుకుని పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ, అంటే రెండు నాళాలది, కొన్నాను. అప్పటి నుంచి నిరుడు డ్యూటీ మానేసేదాకా కర్నూలులో ఒక బ్యాంకు గేటు దగ్గర దాన్ని భుజాన వేసుకునే నిలబడ్డాను. కాల్చింది తక్కువ, మోసింది ఎక్కువ. ఏడాదికోసారి ప్రాక్టీస్ ఫైరింగ్, అంతే.

తుపాకీ గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. బరువు మూడు కిలోల పైచిలుకు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆరు కిలోలనిపిస్తుంది. ట్రిగ్గర్లు కాస్త గట్టి. కాల్చాక ఖాళీ తూటా దానంతటదే ఎగిరి పడదు, గోటితో లాగాలి. వారానికోసారి పుల్‌త్రూకు, అంటే నాళంలోంచి లాగే తాడుకు, చిందీ కట్టి నాళం తుడిస్తే చాలు. చిందీ అంటే నాళం తుడిచే గుడ్డపీలిక, పటాలం మాట, నోటికి అతుక్కుపోయింది.

నేను రాయాలనుకున్నది తూటాల గురించి. ఇవి వాడేవాళ్లను పాడు చేస్తాయి. ఏళ్ల తరబడి ఏమీ కాదు, దాంతో ఏమీ కాదనే ధైర్యం వస్తుంది. మొదటి తప్పు నాదే. తోలు బెల్టు చూడ్డానికి బాగుంటుందని తూటాలను అందులోనే ఉంచేశాను. ఆరు నెలల్లో ఇత్తడి అడుగు చుట్టూ పచ్చగా చిలుము. తోలులో ఉండే పులుపు ఇత్తడిని తింటుందట. అప్పటి నుంచి బెల్టు డ్యూటీకే, ఇంట్లో మాత్రం డబ్బాలో.

తర్వాత 2009 వరద. అక్టోబర్ 2, గాంధీ జయంతి, బ్యాంకు సెలవు, తుపాకీ ఇంట్లోనే ఉంది. పాతబస్తీలో మా వీధిలోకి తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి వచ్చాయి. మేము మిద్దె మీదికి ఎక్కాం, బీరువా ఎక్కలేదు. నీళ్లు తీశాక చూస్తే తుపాకీ కట్టె ఉబ్బింది, రెండు నాళాల మధ్య బురద. నీడలో ఆరబెట్టి, నూనె పట్టించి, దాన్ని బతికించుకున్నాను. తూటాలు ప్లాస్టిక్‌వి కదా, తుడిస్తే కొత్తవాటిలా మెరిశాయి. అట్టవైతే ఉబ్బి, గదిలోకి, అంటే నాళం వెనక తూటా కూర్చునే చోటులోకి, దూరక, వాటి సంగతి అవే చెప్పేవి. ప్లాస్టిక్ చెప్పదు.

తర్వాతి ప్రాక్టీస్‌లో రెండు బాగానే పేలాయి. మూడోది 'ఫుస్' అంది. భుజానికి దెబ్బే తెలియలేదు. నాళం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాను. తెరిచి తూటా తీసి వెలుగు వైపు పెట్టి చూస్తే కుడి నాళం చీకటి. వాడ్, అంటే తూటాలో మందుకూ సీసపు గుళ్లకూ మధ్య ఉండే అడ్డు, నాళం మధ్యలో ఇరుక్కుంది. పక్కవాడు "ఇంకోటి వేసి కొట్టన్నా, అదే పోతుంది" అన్నాడు. ఆ మాట విని ఉంటే మూసుకుపోయిన నాళం పగిలి నా ఎడమ చెయ్యి ఏమయ్యేదో. కడ్డీ పెట్టి వెనక్కి తట్టించి, మిగిలిన తూటాలన్నీ లెక్కగా అప్పజెప్పేశాను.

ఈ సంగతి పత్తికొండ వైపు ఉండే మా మామకు చెబితే నవ్వాడు. "మందు తడిస్తే మందు మార్చుకోవాల గానీ తూటా పారేస్తారా అల్లుడా? మందు మందే, ఏదైతే ఏముండాది? కొత్తవాటికి దుడ్లు దండగ." ఆయన దగ్గర తాతలనాటి ఇంగ్లీషు తుపాకీ, పంట కాపలా లైసెన్సు. ఇత్తడి తూటాలు, టోపీ (తూటా అడుగున మందును అంటించేది) మార్చే పనిముట్టు, చెక్క పిడి ఉన్న చిన్న కొలత కప్పు కూడా ఉండేవి. ఆ కప్పు నల్లమందు కోసం చేసింది: సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు మందు. మామ ఆ సంవత్సరం పాత తూటాలు విప్పి, అందులోని పొగరాని మందును, అంటే ఇప్పటి తూటాల్లో వాడేదాన్ని, అదే కప్పుతో కొలిచి పోశాడు.

నేను వెళ్లేసరికి తుపాకీ మంచం కింద ఉంది. గది ముందు జానెడు దూరంలో నాళం కప్పను మింగిన పాములా ఉబ్బింది, కింద సన్నని చీలిక. మామ ఎడమ అరచేతికి కుట్లు.

కప్పు కొలిచేది పరిమాణాన్ని, బలాన్ని కాదు. నల్లమందు ఎంత బిగించినా కాలే వేగం పెద్దగా మారదు. పొగరాని మందు అలా కాదు, ఒత్తిడి పెరిగితే ఇంకా వేగంగా కాలుతుంది, ఆ వేగానికి ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. అదే కప్పు నిండా పోస్తే నాళం ఓర్చేదానికి ఎన్నో రెట్లు. పోనీ రెండూ పొగరాని మందులేనా, అప్పుడూ ఒకటి కాదు. పిస్టల్‌కు చేసింది ఒకటి, రైఫిల్‌కు ఇంకొకటి, చూపుతో వాటి బలం తెలియదు. తూటాలో టోపీ, మందు, వాడ్, గుళ్ల బరువు, మూతి మడత అన్నీ ఒక జట్టుగా పరీక్ష చేసి పెట్టినవి. ఒకటి మారిస్తే మిగతావాటి లెక్క తప్పుతుంది.

మామ తుపాకీకి ఇంకో చిక్కు కూడా ఉంది. దాని గది రెండున్నర అంగుళాలది. ఇప్పటి రెండుముప్పావు తూటా అందులో హాయిగా దూరుతుంది, ఎందుకంటే మడత విప్పుకోకముందు పొట్టిగా ఉంటుంది. పేలినప్పుడు మూతి విచ్చుకుని ముందున్న ఇరుకులోకి వెళ్తుంది, అక్కడే ఒత్తిడి పెరిగిపోతుంది. దూరింది కదా అని సరిపోయినట్టు కాదు. పాత తుపాకీ ఉన్నవాళ్లు గది కొలత, ప్రూఫ్ ముద్ర (నాళం ఒత్తిడికి ఓర్చుతుందని పరీక్షించి కొట్టే గుర్తు) తెలిసినవాళ్లకు చూపించుకోండి.

లైసెన్సు ఉంది కదా అనే వాదనా విన్నాను. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ, తూటాలు ఉంచుకోవడానికి 3వ సెక్షన్, వాటిని తయారు చేయడానికి 5వ సెక్షన్. రెండో లైసెన్సు లేకుండా ఇంట్లో తూటా నింపితే కేసే. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది, ఆఫీసు చుట్టూ తిరిగే పని కొంచెం తగ్గింది. దుడ్లు దండగ అనుకునేవాళ్లు అక్కడ మిగిలింది చూసుకోవచ్చు.

నా పద్ధతి ఇప్పుడు ఇదీ: డబ్బా మీద కొన్న తేదీ రాస్తాను, బండి డిక్కీలో ఎండకు పెట్టను, తడిసినా, చిలుము పట్టినా, నొక్కు పడినా అప్పజెప్పేస్తాను. ప్రతి శబ్దమూ వింటాను. మామ తన తుపాకీని పోలీస్ స్టేషన్‌లో సరెండర్ చేశాడు. కొలత కప్పు మాత్రం ఇవ్వలేదు, అత్త అడిగితే "తాతది" అంటాడట.