బాతుల కోసం విశాఖ నుంచి: కొండకర్ల, తేలినీలాపురం, మంగళాజోడి

చలికాలంలో నీటి పక్షుల్ని చూడటానికి విశాఖ నుంచి బయల్దేరేవాళ్లకు నా లెక్క ముందే చెప్పేస్తాను. ఒక్క పూట టైమ్ ఉంటే కొండకర్ల ఆవ. గూళ్లూ పిల్లలూ చూడాలంటే తేలినీలాపురం. గుంపులు గుంపులుగా బాతులే కావాలంటే రైలెక్కి ఒడిశాలోని మంగళాజోడి పోవాల్సిందే. తినడానికి మాత్రం ఈ మూడింట్లో ఏదీ కాదు, పెంపుడు నాటు బాతు. ఈ ఆఖరి ముక్క చేర్చాల్సి వచ్చింది ఎందుకంటే, ఈసారి మాతో హ్యూస్టన్ నుంచి వచ్చిన మా బావ ఉన్నాడు.

బావకి అక్కడ బాతుల వేట అలవాటు. హ్యూస్టన్‌కి పడమరగా వరి పొలాలున్న వైపు చలికాలం శనివారాల్లో చీకటితో లేచి పోతాడట. దిగిన మర్నాడే కాఫీ తాగుతూ అడిగాడు, "ఏరా, ఇక్కడ సీజన్ ఎప్పుడు? లైసెన్సు ఎక్కడిస్తారు?" అని. మా అక్క అతని వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

అక్కడి పద్ధతి వింటే మాత్రం నాకు ఆశ్చర్యమేసింది. తుపాకీ ఉంటే చాలనుకుంటాం కదా, అలా కాదు. రాష్ట్రం లైసెన్సు వేరే తీసుకోవాలి. పదహారేళ్లు నిండినవాళ్లు దాంతో పాటు వేట అనుమతికి కేంద్ర ప్రభుత్వం అమ్మే ఫెడరల్ డక్ స్టాంప్ కొనాలి, ఖరీదు 25 డాలర్లు. 1934 నుంచీ ఉన్న పద్ధతి ఇది, ఆ డబ్బులో దాదాపు అంతా చిత్తడి నేలలు కొని కాపాడటానికే పోతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకానే కాల్చాలి. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా బిరడా పెట్టాలి. సీసం గుళ్లు 1991 నుంచి నిషేధం, ఎందుకంటే నీటి అడుగున పడ్డ గుళ్లను బాతులు గింజలనుకుని మింగి చచ్చేవి. రోజుకి మనిషికి ఆరు బాతులు, అందులో ఒక్కో జాతికి మళ్లీ వేరే పరిమితి. నాకు బాగా నచ్చింది ఇంకోటి: కొట్టిన బాతుని ఇంటికి తెచ్చేదాకా ఈకలతో ఉన్న ఒక రెక్కో, తలకాయో దానికి అలాగే ఉంచాలి. దారిలో ఆపిన అధికారి ఏ జాతో గుర్తుపట్టడానికి.

మన దగ్గర కథ చిన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట వేట లైసెన్సులు ఉండేవి, చిన్న జంతువులకూ పక్షులకూ కూడా. 1991 సవరణతో ఆ తలుపు మూసేశారు. అడవి బాతుకి ఇప్పుడు సీజన్ లేదు, పరిమితి లేదు, లైసెన్సు లేదు. చట్టం లెక్కలో వలేసి పట్టడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, గూడు పాడుచేయడం, గుడ్లు తీయడం అన్నీ వేటే. 2022 సవరణ తర్వాత మామూలు నేరానికే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్లకు తక్కువ లేకుండా ఏడేళ్ల దాకా. బావ విని, "అయితే బైనాక్యులర్స్ పట్టుకుని పోదాం పద" అన్నాడు. మనిషి మంచివాడే.

మొదట కొండకర్ల. గాజువాక, లంకెలపాలెం మీదుగా అచ్యుతాపురం వైపు వెళ్లాలి. లారీల రద్దీ మొదలవకముందే దాటేయండి. చుట్టూ కొండలు, మధ్యలో తామరాకులు పరుచుకున్న మంచినీటి చెరువు. ఇక్కడ అసలు ముచ్చట దోనె. రెండు తాటి మానులు తొలిచి, పక్కపక్కన కట్టి, పైన చెక్క వేస్తారు. కూర్చుంటే నీళ్లు చేతికి అందుతాయి. కుదురుగా కూర్చోలేని పిల్లలతో వెళ్తే టెన్షనే, లైఫ్ జాకెట్ అడిగి వేయించండి. నీలి జంబుకోళ్లు, మునుగుడు కోళ్లు, నీటి కాకులు ధారాళంగా కనిపించాయి. బాతులు మాత్రం దూరంగా, చుక్కల్లా. పడవ కొంచెం దగ్గరకొచ్చిందంటే లేచిపోతున్నాయి. సెలవు రోజుల్లో పిక్నిక్ జనం పెట్టే పాటల గోల ఒకటి. మామూలు రోజు పొద్దున్నే వెళ్లి టిఫిన్ టైముకి వెనక్కి తిరగండి. బస అక్కర్లేదు.

తేలినీలాపురం శ్రీకాకుళం దాటాక టెక్కలి దగ్గర. జాతీయ రహదారి కాబట్టి ప్రయాణం సుఖం. ఇక్కడ బాతులు వెతక్కండి. గూడబాతుల్ని పేరు చూసి బాతులనుకుంటారు గానీ అవి పెలికాన్లు. వాటితో పాటు ఎర్రకాళ్ల కొంగలు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వచ్చి, ఇళ్ల మధ్య చింత చెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని ఎగరేసుకుని ఎండాకాలం ముందు పోతాయి. చెట్టు కింద పెంకుటిల్లు, పెంకుల మీదంతా తెల్లటి రెట్ట, అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న పెద్దావిడ. వాసన గురించి అడిగితే, "ఏటి బాబూ, అవి రాకపోతే ఊరికి మంచిది కాదు" అంది. అటవీ శాఖ కట్టిన కేంద్రమూ, ఎక్కి చూసే మంచె టవరూ ఉన్నాయి. మా ఓటు మాత్రం ఊరి వీధికే. గొడుగు తీసుకెళ్లండి, ఎండకి కాదు.

తిరుగు దారిలో హైవే పక్కన ఒక హోటల్లో భోజనానికి ఆగాం. కౌజు పిట్టల వేపుడు ఉందంటే చెప్పాం. ఫారంలో పెంచిన జపాన్ కౌజు పిట్టలు ఎప్పట్నుంచో దొరుకుతున్నవే. వడ్డించే కుర్రాడు ప్లేటు పెట్టి, గొంతు తగ్గించి, "నీటి కోడి కూడా ఉంది సార్, అడవిది" అన్నాడు. ఇదే చూసుకోవాలి. అమ్మినవాడే కాదు, కొన్నవాడూ దొరికిపోతాడు. అదీగాక ఆ పిట్టని వలేసి పట్టారో, పురుగుమందు పెట్టి చంపారో మీకు తెలిసే దారి లేదు. తుపాకీ పట్టడం తెలిసిన మా బావే ముందు చెయ్యి అడ్డంగా ఊపాడు. కౌజు పిట్టలకు మసాలా ఎక్కువై అవేం పిట్టలో తెలియలేదు కానీ, ఎముకలతో సహా కరకరా నమిలేయొచ్చు.

ఇక మంగళాజోడి. విశాఖ నుంచి భువనేశ్వర్ వైపు వెళ్లే రైళ్లలో బాలుగావ్‌లో ఆగేది పట్టుకోవాలి, దాదాపు 350 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఆటోలో ఇంకో గంట. తెల్లారేసరికి పడవలో ఉండాలి కాబట్టి ముందు రోజే చేరుకోండి. మేం మొదట బాలుగావ్‌లో ఒక లాడ్జిలో దిగాం. ఏసీ కన్నా దోమలు గట్టిగా పనిచేశాయి. మర్నాడు మంగళాజోడి ఊళ్లోని కాటేజీకి మారాం: బకెట్ వేడినీళ్లు, గట్టి మంచం, అన్నం, పప్పు, వేయించిన చేప. హంగులు లేవు, కానీ పడవల రేవు పక్కనే. హంగులు కావాలంటే బర్కుల్‌లోనూ రంభలోనూ చిలికా ఒడ్డునే ఒడిశా పర్యాటక శాఖ హోటళ్లు, పంథనివాస్‌లు అంటారు, ఉన్నాయి. అక్కడి నుంచి అయితే చీకట్లో కారు మాట్లాడుకోవాలి. ముసలివాళ్లతో వెళ్తే అదే నయం, పక్షుల పిచ్చి ఉంటే ఊళ్లోనే.

చిలికా 1981లోనే రామ్‌సర్ జాబితాకెక్కిన (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) ఉప్పునీటి సరస్సు. మంగళాజోడి దాని ఉత్తరపు అంచున, జమ్ము పెరిగిన లోతు తక్కువ చిత్తడి. ఈ ఊరు ఒకప్పుడు పక్షుల వేటకి పేరుమోసింది. వలలు, విషం, సంతలో మాంసం అమ్మకం, అదే బతుకుతెరువు. పక్షులు కొద్ది వేలకు పడిపోయాయి. 2000 ప్రాంతంలో వేటగాళ్లే కొందరు మానేసి పక్షుల రక్షణ సమితి కట్టుకున్నారు. ఇప్పుడు వాళ్లూ వాళ్ల పిల్లలే గైడ్లు, పడవవాళ్లు. పక్షులు లక్షల్లోకి వచ్చాయి.

మా పడవకి మోటారు లేదు, గెడ వేసి నడిపారు. ధర పడవ మొత్తానికి, తలకి కాదు. గైడుకి అరవై దాటి ఉంటాయి. మనం బైనాక్యులర్స్ సర్దుకునేలోపే చెవితో విని పేరు చెప్పేస్తాడు. పడవకి నాలుగు బారల దూరంలో సూదితోక బాతులు (పిన్‌టెయిల్స్), మగవాటి మెడ మీద తెల్ల చార గీసినట్టు స్పష్టంగా. గరిటె లాంటి ముక్కుతో నీళ్లు జల్లించే షావెలర్లు. బురద దిబ్బ మీద జక్కవల జంట. పొడుగు ముక్కుల గాడ్‌విట్‌లు వందలు వందలు ఒకే దిక్కుకి తిరిగి నిలబడ్డాయి. ఇన్ని ఉండి ఒక్కటీ బెదరలేదు. కొండకర్లకీ దీనికీ తేడా ఇదే.

బావ జేబులోంచి డక్ కాల్ తీశాడు, బాతులా అరిపించే గొట్టం. గైడు నవ్వి, వద్దని తల ఊపాడు. "పిలిస్తే వస్తాయి, మాకూ తెలుసు" అన్నాడు హిందీలో. తర్వాత ఇద్దరూ ఒకరి హిందీ ఒకరికి సరిగ్గా అర్థం కాకుండానే గంటసేపు మాట్లాడుకున్నారు: ఏ గాలికి గుంపు ఎటు లేస్తుంది, పొగమంచులో ఎంత కిందకి దిగుతాయి. ఇంతలో పైన ఒక డేగ తిరిగింది. చిత్తడంతా ఒక్కసారి లేచింది. ఆ రెక్కల హోరులో మాటలు వినపడలేదు. పడవ దిగాక బావ గైడు చేతిలో పెట్టిన నోట్లు నేను లెక్కపెట్టలేదు కానీ, ఆ డక్ స్టాంప్ ఖరీదుకి తక్కువ ఉండవు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లొచ్చు, సంక్రాంతి సెలవుల్లో వద్దు. ఎరుపు, పసుపు బట్టలు వద్దు. నీళ్ల మీద చలి గట్టిగానే ఉంటుంది, మంకీ క్యాప్ అంటే నవ్వినవాళ్లు కూడా తువ్వాలు చుట్టుకున్నారు.

విశాఖ వచ్చాక బావకి బాతు తినాలన్న కోరిక మిగిలే ఉంది. అనకాపల్లి వైపు తెలిసినవాళ్లకి చెప్పి రెండు నాటు బాతులు తెప్పించాం, కోతలయ్యాక మళ్లలో మేపుకుంటూ తిప్పే మందలోవి. ఒకటి మా అక్క వండింది, ఒకటి బావ. అడవి బాతుకి కొవ్వు తక్కువ కాబట్టి అక్కడ రొమ్ము ముక్కని బాణలిలో చర్మం వైపు కాల్చి, లోపల ఎర్రగా ఉండగానే దించేస్తారట, ఎక్కువ ఉడికితే గట్టిపడి నీచు కొడుతుందని. కాళ్లని మాత్రం సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచుతారట. తినేటప్పుడు ఇనుప గుళ్లు పంటికి తగలకుండా చూసుకోవాలి. అదే పద్ధతి ఇక్కడి ముదురు నాటు బాతుకి పెడితే దవడలు నొప్పెట్టాయి.

అక్క పద్ధతి వేరు. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకి, నూగు మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగింది. తోక దగ్గరి నూనె తిత్తి కోసి పారేసింది, అది ఉంటే కూరంతా వాసనే. అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం, పెరుగు పట్టించి రెండు గంటలు వదిలేసింది. బాతు చర్మంలోంచి బోలెడు కొవ్వు దిగుతుంది కాబట్టి నూనె పేరుకే. ఉల్లిపాయ ఎర్రగా వేగాక ముక్కలు, ఏడు విజిల్స్, ఆ తర్వాత ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి ముద్ద వేసి పైన నూనె తేలేదాకా. గారెలతో పెట్టింది. బావ తను చేసింది పక్కకి జరిపి, "దీన్ని హ్యూస్టన్‌లో పిన్‌టెయిల్‌తో చేస్తే నిలబడుతుందా?" అని అడిగాడు. కొవ్వు లేదు కాబట్టి నూనె పెంచి విజిల్స్ తగ్గించమంది అక్క. జనవరి ఆఖరికి అక్కడ సీజన్ అయిపోతుంది, ఈలోగా చేసి చెప్తానన్నాడు.