రియాక్టా, వ్యూనా? పర్లాకిమిడిలో కూర్చుని నేర్చుకునేవాళ్ళకి ఏది మేలు

గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా వీధి కుర్రాడు మొన్న ఇంటికొచ్చాడు. "అన్నా, అందరూ రియాక్ట్ నేర్చుకోమంటున్నారు, పది గంటల వీడియో మొత్తం చూశాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, వ్యూకి మారిపోనా?" అన్నాడు. వాడితో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే రాయగడ నుంచి, బరంపురం నుంచి మనవాళ్ళు ఇదే మాట అడుగుతూనే ఉంటారు.

రియాక్ట్, వ్యూ రెండూ వెబ్ యాప్ తెరలు కట్టుకోవడానికి జావాస్క్రిప్ట్‌లో (బ్రౌజర్‌లో నడిచే భాష) రాసిపెట్టిన పనిముట్లు. నా మాట ముందే చెప్పేస్తా. ఉద్యోగం కావాలంటే రియాక్ట్. ఊళ్ళో ఎవరికైనా పనికొచ్చే యాప్ ఒక్కరే కూర్చుని చేయాలంటే వ్యూ. ఏది ఎంచుకున్నా దానికి ముందు ఒక నెల ఇవేవీ లేని ఉత్త జావాస్క్రిప్ట్ రాయాలి, ఇది మాత్రం తప్పించుకోవద్దు.

ఎందుకంటే నేను ఒక జీడిపిక్కల షావుకారుకి చేసిన మొదటి యాప్ ఉత్త జావాస్క్రిప్టే. కొండ ఊళ్ళ నుంచి రైతులు పిక్కలు తెస్తారు, కాటా వేస్తారు, బస్తా అంటే 80 కిలోలు, ముందు అడ్వాన్సు తీసుకున్నవాళ్ళకి అది మినహాయించి మిగతాది చేతిలో పెడతారు. బాకీ అంకె తెర మీద మూడు చోట్ల కనబడాలి: పైన మొత్తంలో, రైతు పేరు పక్కన, రసీదులో. అడ్వాన్సు కొంత తీరినప్పుడు మొదటి రెండు చోట్లా మార్చేలా రాశాను, రసీదు సంగతి మర్చిపోయాను. ఒకాయన రసీదులో తీరిపోయిన బాకీ మళ్ళీ పడింది. ఆయనకి చదువు రాదు, పక్కనున్న మేనల్లుడు చూసి అడిగాడు కాబట్టి డబ్బు పోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రియాక్ట్, వ్యూ లాంటివి ఎందుకు పుట్టాయో నాకు ఆ రోజు అర్థమైంది. లెక్క ఒక్కచోట ఉంటుంది, అది మారితే దాన్ని చూపించే ప్రతి చోటూ దానంతటదే మారుతుంది. ఈ అవసరం ఒకసారి మనకి తగలకుండా నేరుగా రియాక్ట్ వీడియో పెట్టుకుంటే, అందులో చెప్పే స్టేట్ (ఒక్కచోట ఉండే ఆ మారే లెక్క) అనే మాట ఏ కష్టానికి మందో తెలీదు, అందుకే బుర్రకెక్కదు.

ఇక రెండిటికీ తేడా. రియాక్ట్‌ని ఫేస్‌బుక్ 2013లో బయటికి ఇచ్చింది, వ్యూని ఇవాన్ యూ 2014లో విడుదల చేశాడు. మా కుర్రాడు ఎక్కడ ఆగిపోయాడో లాప్‌టాప్ తెరిచి చూపించాడు. జాబితాలోకి కొత్త పేరు పుష్ చేస్తున్నాడు (అంటే చివర చేరుస్తున్నాడు), కన్సోల్‌లో (బ్రౌజర్‌లో కోడ్ ఏం చేస్తోందో చూసుకునే చోట) పేరు కనబడుతోంది, తెర మీద మాత్రం రావట్లేదు. రియాక్ట్‌లో పాత జాబితాకే పేరు చేర్చి దాన్నే తిరిగి ఇస్తే, అది అదే జాబితా కాబట్టి ఏమీ మారలేదనుకుంటుంది. పాతవన్నీ కాపీ చేసి, కొత్త పేరు కలిపి, కొత్త జాబితాగా ఇవ్వాలి. వ్యూ 3 అలా కాదు, అది జాబితా చుట్టూ ప్రాక్సీ అనే కాపలా పెడుతుంది, మామూలుగా పుష్ చేసినా పట్టుకుంటుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి ఇది చిన్న తేడా కాదు, నేను చూసినవాళ్ళలో చాలామంది రియాక్ట్ వదిలేసింది ఇలాంటి చోటే.

ఇంకోటి, వ్యూని ఒక్క స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలోనే మొదలుపెట్టొచ్చు. రియాక్ట్‌లో మామూలుగా వాడే జేఎస్ఎక్స్‌ని (జావాస్క్రిప్ట్‌లోనే హెచ్‌టీఎంఎల్‌లా రాసే తీరు) బ్రౌజర్‌కి అర్థమయ్యేలా మార్చే సరంజామా కావాలి, అది దించుకోవడానికి బోలెడు ప్యాకేజీలు. మొబైల్ డేటా మీద లాప్‌టాప్ నడిపేవాళ్ళకి ఆ మొదటి సాయంత్రం అక్కడే అయిపోతుంది.

అలాగని వ్యూలో గోతులు లేవని కాదు. షావుకారు ఫోన్లో రైతు పేరు వెతికే పెట్టె పెట్టాను, వి-మోడల్‌తో (పెట్టెలో రాసినదాన్ని యాప్‌లోని విలువతో కలిపే వ్యూ సదుపాయం). నా లాప్‌టాప్‌లో అక్షరం అక్షరానికీ జాబితా తగ్గుతోంది. ఆయన ఫోన్లో తెలుగులో టైప్ చేస్తుంటే మాత్రం స్పేస్ నొక్కేదాకా ఏమీ కదలట్లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది: కీబోర్డు పదాన్ని ఇంకా కూర్చుతున్నంతసేపూ వి-మోడల్ విలువని మార్చదు, కావాలనే అలా చేశారు. వి-మోడల్ తీసేసి, విలువని విడిగా ఇచ్చి, ఇన్‌పుట్ ఈవెంట్‌ని (పెట్టెలో రాసింది మారినప్పుడల్లా బ్రౌజర్ ఇచ్చే కబురు) మనమే వింటే సరిపోతుంది. రియాక్ట్‌లో ఈ ఇబ్బంది రాదు. తెలుగులోనో ఒడియాలోనో పేర్లు రాసే యాప్ చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇలాంటిదే ఇంకో పనిముట్టు, స్వెల్ట్, దాని సంగతి కూడా అడుగుతారు. రాయడానికి హాయిగా ఉంటుంది, నాకిష్టం. కానీ 2024 అక్టోబరులో వచ్చిన 5వ వెర్షన్‌లో రాసే తీరే మారింది, పాత వీడియోలు చూసి నేర్చుకుంటే తికమక పడతారు. పేజీ ముక్కల్ని సర్వర్ నుంచే తెప్పించే హెచ్‌టీఎంఎక్స్ అయితే, సర్వర్ వైపు వాడే జాంగో, పీహెచ్‌పీ తెలిసినవాళ్ళకి బాగుంటుంది, తేలిక కూడా. అయితే దాదాపు ప్రతి నొక్కుకీ సర్వర్ దాకా వెళ్ళి రావాలి, కాటా దగ్గర సిగ్నల్ పోతే పని ఆగిపోతుంది. నేను దాన్ని వాడనిది అందుకే. ఆఫ్‌లైన్ అంటే రియాక్టో వ్యూనో చూసుకుంటుందని కూడా అనుకోవద్దు, సర్వీస్ వర్కర్ (నెట్ లేకపోయినా పేజీ తెరుచుకునేలా చేసేది), ఇండెక్స్‌డ్ డీబీ (లెక్కలు ఫోన్లోనే దాచేది) రెండూ బ్రౌజర్‌వి, విడిగా నేర్చుకోవాల్సిందే. ఉత్త జావాస్క్రిప్ట్ నెల ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

ఉద్యోగం విషయంలో మాత్రం నేను వాదించను. విశాఖలో అయినా భువనేశ్వర్‌లో అయినా హైదరాబాద్‌లో అయినా ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది రియాక్టే. ఇంట్లో పరిస్థితి బాగోక ఏడాదిలో జీతం కావాల్సినవాళ్ళు వ్యూ మీద ప్రేమ పెంచుకుని టైం పోగొట్టుకోవద్దు. కాకపోతే వీడియో ఎంచుకునేటప్పుడు తేదీ చూడండి. రియాక్ట్ యాప్ మొదలుపెట్టడానికి ఇదివరకు వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పనిముట్టుతో మొదలుపెడితే ఆ వీడియో మూసేయండి, 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ వాళ్ళే కొత్త యాప్‌లకి దాన్ని వాడొద్దన్నారు. వ్యూ 2 పాఠాలు కూడా అంతే, దానికి 2023 డిసెంబరు 31తో సపోర్టు ఆగిపోయింది. కొత్త యాప్ మొదలుపెట్టడానికి రెండిటికీ ఇప్పుడు వీట్ (Vite) అనే పనిముట్టు వాడితే చాలు, అది కూడా ఇవాన్ యూ మొదలుపెట్టిందే.

మా కుర్రాడు ఇప్పుడు వాళ్ళమ్మ చీటీ లెక్క రాస్తున్నాడు, ఉత్త జావాస్క్రిప్ట్‌లో. ఇరవై మంది పేర్లు, ఈ నెల ఎవరు కట్టారో నొక్కితే రంగు మారాలి, కింద మొత్తం మారాలి. అది నడిచాక అదే లెక్కని వ్యూలో తిరగరాయమన్నాను, ఆ తర్వాత రియాక్ట్‌లో. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు: రంగు మారుతోందట, కింద మొత్తం మారట్లేదట.