బాడెట్‌లో వాలై చేపల వేట: రిసార్ట్ ప్యాకేజీ ఎలా ఉంది?

మినియాపొలిస్ నుంచి మిన్నెసోటా ఉత్తర కొసన ఉన్న బాడెట్‌కి కారులో దాదాపు ఐదు గంటలు. వాలై (walleye) అనే మంచినీటి చేపల వేటకి, లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సు ఒడ్డున ఒక రిసార్ట్‌లో క్యాబిన్, చార్టర్ బోటు (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే బోటు) కలిపి తీసుకున్నాం. బోటుకి ఆరుగురే. ఏడో మనిషి తేలితే రెండో బోటుకి డబ్బులు కట్టాలి, కాబట్టి "చూద్దాంలే, చెప్తాలే" అనేవాళ్ల సంగతి ముందే తేల్చుకోండి.

కెప్టెన్‌కి పూర్తి మార్కులు. లంగరు వేసి, జిగ్‌కి (బరువు ఉన్న గాలపు ముల్లుకి) ఎరగా ఫ్రోజెన్ షైనర్ అనే చిన్న చేప గుచ్చి, సరస్సు అడుగు తగిలాక జానెడు పైకెత్తి మెల్లగా ఆడించమన్నాడు. మా బావ ఊరికే గాలం లాగేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. మరుక్షణమే పడింది! ప్రతి చేపనీ కొలబద్ద మీద పెట్టి చూశాడు. 19.5 నుంచి 28 అంగుళాల మధ్యవైతే నీళ్లలోకే. మనిషికి సాగర్ (sauger, వాలైకి దగ్గరి జాతి) చేపలతో కలిపి ఆరు, అందులో వాలై నాలుగుకి మించకూడదు. శుభ్రం చేసిచ్చిన ముక్కల మీద కాస్త చర్మం ఉంచారు. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఏ చేపో తెలియాలని అక్కడి రూలు.

క్యాబినే నిరాశపరిచింది. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు. కారం పట్టించిన ముక్కలు పెనం మీద వేయగానే స్మోక్ అలారం మొదలు. కొరమీనులా గట్టి కండ, ముళ్లు తక్కువ కాబట్టి తిట్టుకుంటూనే లాగించాం.

గాలి ఎక్కువైతే బోటు కదలదు. ఆ రోజు డబ్బులు వెనక్కిస్తారా, వేరే రోజు ఇస్తారా అన్నది అడ్వాన్స్ కట్టే ముందే అడగండి. మాకు ఆ జవాబు రాబట్టడానికే మూడు ఫోన్లయ్యాయి.