మైసూరు ప్రయాణంలో అనుకోకుండా ఆర్కే నారాయణ్ ఇల్లు

మైసూరు వెళ్లేవాళ్లు ఎక్కువగా ప్యాలెస్ దగ్గరో, బస్టాండ్ పక్కనో రూమ్ తీసుకుంటారు. సెలవుల రద్దీలో మాకక్కడ ఏదీ ఖాళీ లేక, రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోని యాదవగిరిలో ఒక చిన్న లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం పొద్దున్న కాసేపే వస్తాయి, తర్వాత బకెట్ కోసం రిసెప్షన్ చుట్టూ తిరగాలి. అయినా ఈసారి వెళ్తే ఆ పేటలోనే దిగుతాను.

పొద్దున్నే టిఫిన్‌కి నడుచుకుంటూ వెళ్తుంటే వివేకానంద రోడ్డులో తెల్లటి రెండంతస్తుల ఇల్లు, దాని ముందు బోర్డు మీద ఇంగ్లిష్ నవలా రచయిత ఆర్.కె. నారాయణ్ పేరు కనిపించాయి. ఆయన ఊహించి రాసిన మాల్గుడి అనే ఊరి కథలతో పెరిగినదాన్ని, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. టిఫిన్ చేసి, తెరిచే వేళకు మళ్లీ వెళ్లాం. టికెట్ లేదు.

అద్దాల బీరువాల్లో ఆయన కోట్లు, కళ్లజోడు, అవార్డులు ఉన్నాయి. గోడల నిండా ఫొటోలు. కానీ నేను ఎక్కువసేపు నిలబడింది మేడ మీద, అర్ధచంద్రాకారంలో కిటికీలున్న ఆయన రాత గదిలో. ఆ కిటికీల్లోంచి చాముండి కొండ కనబడి, చూపు అటే పోతోందని, తెర కట్టుకుంటే గానీ పని సాగలేదని తన ఆత్మకథ ‘మై డేస్’లో రాసుకున్నారు. ఎనిమిది కిటికీలని చదివిన గుర్తు. వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ లెక్కపెట్టాను, ఎనిమిదే!

ఒకటి తెలిసి వెళ్తే మంచిది. ఆయన మొదటి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935లో వచ్చేనాటికి ఈ ఇల్లే లేదు. 1958లో వచ్చిన ‘ది గైడ్’ని చాలావరకు అమెరికాలో, బర్క్‌లీలోని ఒక హోటల్ గదిలో రాశారు. ఆ మొదటి నవలలోని కుర్రాడు స్వామి ఇక్కడే పుట్టాడనుకుని వెళ్తే నిరాశ తప్పదు. భార్య రాజం 1939లో టైఫాయిడ్‌తో పోయాక, చాలా ఏళ్లకు కట్టుకున్న ఇల్లిది. అది తెలిసి ఆ గదుల్లో తిరుగుతుంటే భార్యను పోగొట్టుకున్న మాస్టారి కథగా ఆయన రాసిన ‘ది ఇంగ్లిష్ టీచర్’ పదే పదే గుర్తొచ్చి గొంతు పట్టేసింది. 2011లో ఈ ఇంటిని పడగొట్టడం మొదలుపెడితే జనం గొడవచేసి ఆపించారు. 2016లో మ్యూజియంగా తెరిచారు. ఆ రోజు అడ్డుపడినవాళ్లందరికీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

మావారు పుస్తకాలు చదవరు. దూరదర్శన్‌లో వచ్చిన, శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’ సీరియల్ మాత్రం బాగా గుర్తు. అందులో స్వామి ఇల్లు ఇదేనా అని అడిగారు. కాదు, ఆ షూటింగ్ ఎక్కువగా కర్ణాటకలోనే ఆగుంబె అనే ఊళ్లో జరిగింది. అరగంటకే ఆయన బయటికొచ్చి కూర్చున్నారు. కథలు చదవనివాళ్లకు ఆ అరగంట చాలు. చదివినవాళ్లు ఒక పూట ఉంచుకోండి.

ప్యాలెస్ గురించి కొత్తగా చెప్పేదేముంది? పగలు లోపల తోపులాటే. ఆదివారం సాయంత్రం దీపాలు వెలిగించినప్పుడు బయటి నుంచి చూస్తేనే బాగుంటుంది. మిగతా టైమ్ యాదవగిరికి ఇవ్వండి. రైల్వే మ్యూజియం కూడా దగ్గరే, ఆటోలో వెళ్లిపోవచ్చు. పిల్లలుంటే ముందు నారాయణ్ ఇల్లు చూసి తర్వాత అక్కడికి వెళ్లండి. రైలింజన్లు ఎక్కాక వాళ్లు ఇంకెక్కడికీ కదలరు.