సెల్లారు చెమ్మకు లోపలి పూతా, బయటి పొరా?

విజయవాడలో సెల్లారును గదిగా మార్చాలనుకుంటే ముందు తేల్చుకోవలసింది టైల్స్ సంగతి కాదు, గోడ చెమ్మ సంగతి. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పూత చవక, పని త్వరగా అయిపోతుంది. కానీ మట్టిలోని నీరు గోడను వెనక నుంచి నెడుతూనే ఉంటుంది. తెల్లని ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా ఊడుతుంది. బయటి వైపు పునాది దాకా తవ్వి వాటర్‌ప్రూఫ్ పొర వేస్తే నీరు గోడలోకే రాదు. ఖర్చు ఎక్కువ, పక్కింటి గోడ ఆనుకుని ఉంటే తవ్వడమే కుదరదు. స్థలం ఉంటే నేను బయటి పొరే వేయించమంటాను, అదీ వేసవిలోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచినట్టు వరద మెట్ల మీదుగా దిగితే మాత్రం రెండూ ఆపలేవు. స్విచ్‌బోర్డులు ఎత్తులో పెట్టించండి.