మూడేళ్ల క్యాలెండర్ వాడకం: రేపటి కంటే నిన్నటికే ఎక్కువ పనికొచ్చింది

ఇప్పుడు నేను వాడేవి మూడే. గూగుల్ క్యాలెండర్, పనుల జాబితా కోసం టుడూయిస్ట్, ఫోన్‌తో పాటే వచ్చిన టైమర్. మూడేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు ఏడు యాప్‌లు ఉండేవి.

పగలు ఉద్యోగం, రాత్రి దూరవిద్య కోర్సు, మధ్యలో ఇంటి పనులు. రోజూ ఏదో ఒకటి మర్చిపోతున్నానన్న బాధతో ఒక ఆదివారం కూర్చుని, మంచివని విన్న యాప్‌లన్నీ ఫోన్‌లో వేసుకున్నాను. రంగులు ఎంచుకోవడం, లేబుళ్లు పెట్టడం, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పనులు మార్చడం... వీటికే రోజూ అరగంట పోయేది. ఒకే పని రెండు చోట్ల రాసి ఉండేది. ఒకచోట టిక్కు పెడితే రెండోచోట అది అలాగే మిగిలిపోయేది. రెండు నెలల తర్వాత నాలుగింటిని తీసేశాక గానీ ఊపిరాడలేదు.

అప్పటికీ అసలు సమస్య తీరలేదు. పొద్దున జాబితాలో ఇరవై పనులు ఉంటే రాత్రికి ఆరో ఏడో అయ్యేవి. నాకు ఓపిక తక్కువేమో అనుకున్నాను. నిజానికి ఆ ఇరవై పనులు ఒక్క రోజులో పట్టేవే కావు. బిల్లు కట్టడానికి ఐదు నిమిషాలు చాలు, అసైన్‌మెంట్ రాయడానికి ఒక సాయంత్రమంతా కావాలి. జాబితాలో మాత్రం రెండూ ఒక్కో వరుసే. అది అర్థమయ్యాక పెద్ద పనుల్ని క్యాలెండర్‌లో గంటల లెక్కన పెట్టడం మొదలుపెట్టాను.

అక్కడ ఇంకో పొరపాటు చేశాను. గూగుల్ క్యాలెండర్‌లో కొత్తగా ఏదైనా పెడితే, మనం సెట్టింగ్స్‌లో మార్చకపోతే, దానంతట అదే గంట సమయం తీసుకుంటుంది. నేను ఆ గంటను అలాగే వదిలేసేదాన్ని. ఒకసారి గంటలో అయిపోతుందనుకున్న అసైన్‌మెంట్‌కి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. దాని వెనక పెట్టుకున్నవన్నీ కూలిపోయాయి, నిద్రతో సహా.

ఆ రాత్రి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూడేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇదే. పని అయిపోయాక క్యాలెండర్‌లో ఆ గడిని నిజంగా పట్టినంత సేపటికి సాగదీస్తాను, లేదా కుదిస్తాను. పది సెకన్ల పని. నెల తిరిగేసరికి క్యాలెండర్ నేను అనుకున్న రోజుల్ని కాక గడిపిన రోజుల్ని చూపించడం మొదలుపెట్టింది. మెయిళ్ల విషయంలో నా అంచనా దాదాపు సరిగ్గానే ఉంది. రాతపనికి మాత్రం అనుకున్నదానికి రెట్టింపు పడుతోంది, ప్రతిసారీ.

ఇది నా ఒక్కదాని లోపం కాదని తర్వాత తెలిసింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. అంచనా వేసేటప్పుడు చేతిలో ఉన్న పని సాఫీగా సాగితే ఎంతసేపు పడుతుందో ఆలోచిస్తాం. అలాంటి పనులకి ఇంతకుముందు ఎంత పట్టిందో వెనక్కి చూడం. నా క్యాలెండర్‌లో ఆ వెనకటి లెక్క ఉంది. ఇప్పుడు కొత్త అసైన్‌మెంట్ వస్తే, 'అసైన్‌మెంట్' అని వెతికి, పాత మూడింటికి ఎంత పట్టిందో చూసి అంతే సమయం పెడతాను.

టైమర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి చాలామందికి తెలిసిందే. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో దీన్ని మొదలుపెట్టాడు. ఇష్టం లేని సబ్జెక్టు పుస్తకం తెరవడానికి నాకు ఇది బాగా పనిచేసింది. రాస్తున్నప్పుడు మాత్రం ఇరవై ఐదో నిమిషంలో గంట మోగితే ఆలోచన తెగిపోతుంది. అందుకే రాతకి యాభై పెట్టుకుంటాను.

టుడూయిస్ట్‌లో మళ్లీ మళ్లీ వచ్చే పనుల దగ్గర ఒక చిన్న సంగతి చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇంగ్లీషులో 'ఎవ్రీ' అని రాస్తే పని నిర్ణీత తేదీల లెక్కన తిరిగి వస్తుంది. దాని పక్కన ఆశ్చర్యార్థకం పెడితే, మనం పూర్తిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. అద్దెకి మొదటిది సరైనది. వాటర్ ఫిల్టర్ శుభ్రం చేయడానికి రెండోది. ఈ తేడా తెలియక, ఆలస్యంగా చేసిన పని మూడు రోజులకే మళ్లీ ముందుకొచ్చి కూర్చునేది.

ఒక విషయంలో మాత్రం గట్టిగా దెబ్బ తిన్నాను. కొత్త ఫోన్ కొన్న వారానికి రిమైండర్లు రావడం ఆగిపోయాయి. నేను గమనించలేదు. అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేసే చివరి తేదీ దాటిపోయింది. ఆ రెండు రోజులు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే వెనక నడిచే యాప్‌లని ఆపేస్తోందని తర్వాత తేలింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిమైండర్లు ఇచ్చే ఆ ఒక్క యాప్‌కి బ్యాటరీ నియంత్రణ తీసేస్తే సరిపోయింది. ఫోన్ మార్చిన రోజే ఐదు నిమిషాల తర్వాత మోగేలా ఒక రిమైండర్ పెట్టి, స్క్రీన్ ఆపేసి చూడండి. దయచేసి చూడండి.

ఏ యాప్‌నైనా ఇంకో భయంతోనే వాడాలి. వండర్‌లిస్ట్ అనే పనుల జాబితా యాప్‌ని ఎంతోమంది ఇష్టంగా వాడేవారు. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది, 2020 మేలో ఆపేసింది. అందుకే నెలకోసారి క్యాలెండర్‌ని ఐసీఎస్ ఫైలుగా దించుకుంటాను. ఆ ఫైలు వేరే క్యాలెండర్లలో కూడా తెరుచుకుంటుంది.

ఇప్పటికీ కుదరనిది ఒకటుంది. ఇతరుల జవాబు కోసం ఆగిన పనుల్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. తేదీ వేస్తే ఆ రోజు ఏమీ చేయలేను, వేయకపోతే మర్చిపోతాను. ప్రస్తుతానికి వాటిని 'ఎదురుచూపు' అనే విడి జాబితాలో ఉంచి, శుక్రవారం సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు చూస్తున్నాను. ఈ వారం అందులో తొమ్మిది ఉన్నాయి. రెండింటికి ఫోన్ చేశాను, ఒకటి ఇక అక్కర్లేదని తీసేశాను.