నిలువు కొటేషన్లకు వంపు తిప్పడం: ఇన్‌డిజైన్, వర్డ్, రైటర్‌లలో ఏది మేలు?

“అన్నా, వాట్సాప్‌ల వచ్చిన మ్యాటర్ పేజీలల్ల పోసిన. కొటేషన్లన్నీ నిలువుగీతల్లెక్క ఉన్నయి. ఒక్క దెబ్బకు అన్నీ మారాలంటే ఎట్ల?”

మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, సూర్యాపేట నుంచి డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని) చేసే తమ్ముళ్లు ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. ఫోన్‌లో చెబితే ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చెబుతున్నానని అనుమానం వచ్చింది. పోయిన నెలే నేను ఒక పుస్తకం కోసం పద్ధతి మార్చుకున్నాను కూడా. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. ఈ నిలువు " గుర్తుకూ ఈ వంపు “ ” గుర్తులకూ తేడా ఏమిటో తెలిసినవాళ్ల కోసమే ఇది.

ఆ పుస్తకం రిటైరైన ఒక టీచరు సారు జ్ఞాపకాలు. ఆయన కాలేజీ రోజులు, 1969 తెలంగాణ ఉద్యమం, లాఠీలు, హాస్టల్ ముచ్చట్లు. పేజీకి నాలుగైదు సంభాషణలు. సగం సారే ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొట్టారు, సగం ఆయన కొడుకు ఐఫోన్‌లో కొట్టాడు. ఐఫోన్‌లో స్మార్ట్ పంక్చుయేషన్ ఆన్‌లో ఉంటే కొటేషన్లు వంపుతో వస్తాయి. సారు భాగంలో అన్నీ నిలువువి. కొన్నిచోట్ల డబుల్ కొటేషన్ దొరకక రెండు సింగిల్ కొటేషన్లు పక్కపక్కన నొక్కారు. చూడటానికి ఒకేలా ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం అవి వేరు.

ముందుగా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వాళ్లకు ఒక మాట. పెళ్లిపత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లోనే, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోనే చేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త పేజ్‌మేకర్ రాలేదు, అయినా పని నడుస్తోంది. మ్యాటర్‌ను పేజీలోకి తెచ్చేటప్పుడు, అంటే ప్లేస్ చేసేటప్పుడు, అందులో “కన్వర్ట్ కోట్స్” అని ఒక టిక్ ఉంటుంది. పాత తెలుగు ఫాంట్‌తో కొట్టిన మ్యాటర్‌కు దాన్ని పెట్టకండి. ఆ ఫాంట్లలో యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి) లేదు. ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు పేర్చి ఉంటాయి. విండోస్ పట్టికలో వంపు కొటేషన్ల స్థానాలు 145 నుంచి 148 వరకు, నిలువు కొటేషన్లవి 34, 39. సాఫ్ట్‌వేర్ కొటేషన్ అనుకుని మార్చేది మన కంటికి ఒక అక్షరం ముక్క. మాట మధ్యలో అక్షరం మారిపోతుంది, ప్రూఫ్ చూసేవాడు టైపింగ్ తప్పు అనుకుంటాడు. పాత ఫాంట్ వాడేవాళ్లు ఇన్‌డిజైన్‌లో ఉన్నా వర్డ్‌లో ఉన్నా ఇదే జాగ్రత్త. కొటేషన్లు ఆ కీబోర్డు పద్ధతిలోనే చేత్తో వేసుకోవడం ఒక్కటే దారి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా యూనికోడ్ మ్యాటర్ గురించే.

ఇన్‌డిజైన్‌లో పని తేలిక, అది ఒప్పుకోవాలి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద “యూజ్ టైపోగ్రాఫర్స్ కోట్స్” టిక్ పెడితే కొట్టేటప్పుడే వంపు తిరుగుతాయి. వర్డ్ ఫైల్ ప్లేస్ చేసేటప్పుడు “షో ఇంపోర్ట్ ఆప్షన్స్” తెరిస్తే అక్కడా అదే టిక్ కనిపిస్తుంది. ఏ భాషకు ఏ జంట కొటేషన్లు రావాలో డిక్షనరీ ప్రిఫరెన్సెస్‌లో ఎంచుకోవచ్చు. ఇప్పటికే పేజీల్లో పోసేసిన మ్యాటరైతే ఫైండ్ చేంజ్‌లో వెతికే గడిలో, మార్చే గడిలో రెండింటిలోనూ " పెట్టి చేంజ్ ఆల్ నొక్కితే సరి.

వర్డ్‌లోనూ ఇంతే. ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో “ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్” కింద స్మార్ట్ కోట్స్ టిక్ పెట్టాలి. తర్వాత ఫైండ్ రీప్లేస్‌లో రెండు గడుల్లోనూ " పెట్టి రీప్లేస్ ఆల్. టైప్ చేస్తుండగా ఎక్కడైనా నిలువుదే కావాలంటే, అది వంపు తిరిగిన వెంటనే కంట్రోల్ జెడ్ ఒక్కసారి.

తెలివిలో రెండూ ఒకటే. గుర్తుకు ముందు ఖాళీ గానీ బ్రాకెట్ గానీ ఉన్నా, పేరా మొదలైనా అది తెరిచే కొటేషన్. లేదంటే మూసే కొటేషన్. ఈ సూత్రం తెలుగుకు బాగానే సరిపోతుంది. మనం కొటేషన్ మూసిన వెంటనే విభక్తి తగిలిస్తాం: “గోలకొండ”లో, “వస్తున్నా”నన్నాడు. గుర్తుకు ముందు ఏముందో మాత్రమే చూసే సూత్రానికి తర్వాత “లో” ఉన్నా “న” ఉన్నా పట్టింపు లేదు.

దీన్ని మా దగ్గర పనిచేసే తమ్ముడు కష్టపడి తెలుసుకున్నాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాశాడు. గుర్తు తర్వాత అక్షరం ఉంటే తెరిచేది, గుర్తుకు ముందు అక్షరం ఉంటే మూసేది అని. ఇంగ్లీషు పేజీలో చక్కగా పనిచేసింది. తెలుగులో “గోలకొండ”లో దగ్గర రెండో గుర్తు కూడా తెరుచుకుంది, ఎందుకంటే దాని తర్వాత “లో” ఉంది. వరస మార్చి, ముందున్న అక్షరాన్నే మొదట చూడమన్నాడు. ఇంకా ఘోరం. “వచ్చాడు” అన్న మాట చివర ఉన్నది కొమ్ము. పైథాన్‌లో మామూలుగా వాడే అక్షర గుర్తింపు గుణింతాలను అక్షరాలుగా లెక్కపెట్టదు. మన మాటలు సగానికి పైగా గుణింతంతోనే ముగుస్తాయి కదా. వాడు రెండు రోజులు ఫాంట్‌ను అనుమానించాడు. ‘అక్షరమా’ అని అడగొద్దు తమ్మీ, ‘ఖాళీయా’ అని అడుగు అని చెప్పాక దారిలో పడింది.

మరి ఇన్‌డిజైన్, వర్డ్ సూత్రం సరైనదే అయితే నేనెందుకు వదిలేశాను? మ్యాటర్ కొట్టేవాళ్ల అలవాటు వల్ల. మనవాళ్లు చాలామంది ఫుల్‌స్టాప్‌కు ముందు, కామాకు ముందు, కొటేషన్ మూయబోయే ముందు కూడా స్పేస్ కొడతారు. " వస్తున్నా " అని రెండు వైపులా గాలి ఆడేలా. అక్కడ మూయాల్సింది తెరుచుకుంటుంది. ఆరేడు వందల గుర్తుల మధ్య అలాంటివి మూడు ఉంటే కంటికి దొరకవు. ఇన్‌డిజైన్ గానీ వర్డ్ గానీ చివర్లో చెప్పేది ఒకే అంకె: ఇన్ని మార్చాను అని. సరిగ్గా మార్చిందా లేదా ఆ అంకెలో లేదు.

అందుకే ఇప్పుడు లిబ్రేఆఫీస్ రైటర్‌లో చేస్తున్నాను. పేజీల్లో పోయకముందే, రెండు విడతలుగా. ముందు మ్యాటర్‌లో అప్పటికే ఉన్న వంపు డబుల్ కొటేషన్లన్నిటినీ తిరిగి నిలువు చేస్తాను. అవును, ఐఫోన్ కష్టపడి వంచినవాటిని కూడా. రెండు సింగిల్ కొటేషన్ల జంటలను ఒక డబుల్ చేస్తాను. కవితల్లో షిఫ్ట్ ఎంటర్‌తో విరిచిన లైన్లుంటే వాటిని పేరాలు చేస్తాను, లేకపోతే లైను మొదలును రైటర్ గుర్తించదు. తర్వాత ఫైండ్ అండ్ రీప్లేస్‌లో “రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్” టిక్ పెట్టి, వెతికే గడిలో ఇది:

(^|[ (—])"

మార్చే గడిలో ఇది:

$1“

పేరా మొదట్లో గానీ, ఖాళీ తర్వాత గానీ, బ్రాకెట్ తర్వాత గానీ, పొడుగు గీత తర్వాత గానీ ఉన్న గుర్తును తెరువు అని దాని అర్థం. ఇక మిగిలిన " అన్నీ మూసేవే, వాటిని నేరుగా ” చేయడమే. ప్రతిసారీ రైటర్ ఎన్ని మార్చిందో చెబుతుంది. ఈ రెండు అంకెలూ సమానంగా ఉండాలి. నాకు ఈ పద్ధతి నచ్చింది దీనికోసమే.

సారు పుస్తకంలో మొదటి విడత (తెరిచేవి) 418 వచ్చింది, రెండో విడత (మూసేవి) 412. మొత్తం 830, చెరి సగం 415 ఉండాలి. అంటే మూడు గుర్తులు మూయాల్సినచోట తెరుచుకున్నాయి. తెరిచే కొటేషన్ తర్వాత ఖాళీ ఉన్నచోట్లు వెతికితే రెండు దొరికాయి. మూడోది పేరా చివర ఉంది, దాని తర్వాత ఖాళీ కూడా లేదు. రెండు వైపులా ఒక్కో తప్పు జరిగి అంకెలు సరిపోయే ప్రమాదం లేదా అంటే ఉంది. ఒక పేరాలో తెరిచిన కొటేషన్‌ను మూయకుండా తర్వాతి పేరాలో మళ్లీ తెరిచే రచయితల దగ్గర లెక్క తేడా కూడా వస్తుంది. అయినా గుడ్డిగా చేంజ్ ఆల్ నొక్కి టెన్షన్ పడటం కన్నా ఇది నయం. వర్డ్‌లోనూ రెండు విడతలుగా చేసుకోవచ్చు. కానీ అక్కడ నిలువు గుర్తు వెతికితే వంపువి కూడా దొరుకుతాయి, స్మార్ట్ కోట్స్ ఆపకపోతే మనం పెట్టినవాటిని అదే మళ్లీ తిప్పుతుంది. రైటర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ టిక్ ఉంటే నిలువు అంటే నిలువే. పైగా ఉచితం. మన సెంటర్లలో అసలు వర్డ్ ఎవరి దగ్గరుంది, కాపీ వర్డ్ ఎవరి దగ్గరుంది అని నేను అడగను.

పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ వాడేవాళ్లకు స్క్రిప్ట్ మెనూలో ఆటోకోట్ అని ఒకటి ఉంది, ఇంగ్లీషు మ్యాటర్‌కు బాగుంటుంది. మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులు పెట్టి) రాసేవాళ్లకు, ఫైళ్లను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే పాన్‌డాక్ దానంతటదే వంచి ఇస్తుంది. మన దగ్గర ఆ రెండూ వాడేవాళ్లు నాకు తగల్లేదు.

అడుగులు, అంగుళాల సంగతి పైవన్నిటికంటే ముందు చూసుకోవాలి. పెళ్లి బయోడేటాలో 5'6", ఫ్లెక్సీ సైజు 10'×6', ఊరి చరిత్ర పుస్తకాల్లో అక్షాంశం 17°03'. ఇవి కొటేషన్లు కావు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా వీటిని మూసే కొటేషన్లుగా వంచేస్తుంది. అంకె పక్కన ఉన్న గుర్తులను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి, అక్కడ రీప్లేస్ ఆల్ పనికిరాదు. వీటికి వేరే గుర్తులున్నాయి, ′ ″ అని కొంచెం వాలుగా. మీ ఫాంట్‌లో అవి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే 5 అడుగుల 6 అంగుళాలు అని రాసేయండి, చదవడానికీ బాగుంటుంది.

సింగిల్ కొటేషన్లకూ అదే రెండు విడతల పద్ధతి. వెతికే బ్రాకెట్‌లో “ కూడా చేర్చాలి, సంభాషణ లోపల ఇంకొకరి మాట మొదలయ్యేచోట పనికొస్తుంది. అయితే ఇక్కడ అంకెల లెక్క నమ్మలేం, కారణం ’69.

మన ప్రాంతపు పుస్తకాల్లో ఇది తప్పకుండా వస్తుంది. ’48 సెప్టెంబర్, ’69 ఉద్యమం. సంవత్సరంలో ముందున్న 19ని మింగేశామని చెప్పే గుర్తు అది, కాబట్టి మూసే వైపే తిరగాలి. కానీ దాని ముందు ఖాళీ ఉంటుంది. అందుకని ఇన్‌డిజైన్, వర్డ్, రైటర్ మూడూ దాన్ని తెరిచేస్తాయి, ‘69 అని. సారు పుస్తకంలో ఒక్కో అధ్యాయంలో పది పన్నెండు సార్లు ఉంది. చివర్లో ‘ తర్వాత అంకె ఉన్నచోట్లన్నీ వెతికి ఒక్కొక్కటీ చూసి మార్చాను. వర్డ్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఇవన్నీ సరిచేశాక మళ్లీ ఎప్పుడైనా సింగిల్ కొటేషన్ పెట్టి చేంజ్ ఆల్ నొక్కితే, సరిగ్గా ఉన్న ’69లు కూడా వెనక్కి తిరుగుతాయి. ఈ పని ఎప్పుడూ ఆఖరున చేయాలి, చేశాక ముట్టుకోవద్దు.

1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడిన నాటి సీసపు అక్షరాల కాలంలో ఈ గొడవ లేదు. ఏ గుర్తు ఎటు తిరగాలో కంపోజిటర్ వేలు నిర్ణయించేది. ఇంగ్లీషు ప్రెస్సుల్లో కామానే తలకిందులు చేసి తెరిచే కొటేషన్‌గా బిగించేవాళ్లు, ఇన్వర్టెడ్ కామా అన్న పేరు అక్కడిదే. మీటలు తగ్గించుకోవడానికి టైప్‌రైటర్ రెండు వైపులకూ ఒకటే నిలువుగీత పెట్టింది, కంప్యూటర్ కీబోర్డు దాన్నే పట్టుకొచ్చింది.

లోపలి పేజీలన్నీ రైటర్‌లో శుభ్రం చేసి, ఇన్‌డిజైన్‌లో ఇంపోర్ట్ టిక్ తీసేసి పోశాను. ప్రూఫ్‌లో ఒక్క కొటేషన్ కూడా అటు ఇటు కాలేదు. క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ సారుకు ఆ మాట గర్వంగానే చెప్పాను. ఆయన కవర్ ప్రూఫ్ తీసి బల్ల మీద పెట్టారు. పుస్తకం పేరులోనే ’69 ఉంది. కవర్‌ను నేను వేరే ఫైల్‌లో, టైపోగ్రాఫర్స్ కోట్స్ ఆన్‌లో ఉండగానే, నేరుగా ఇన్‌డిజైన్‌లో కొట్టాను. 72 పాయింట్ల అక్షరాల్లో ‘69.

“ఇది తెరిచినవ్, మూసుడు యాడ?” అన్నారు సారు.

ఇప్పుడు కవర్ల మీద మాత్రం ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్‌లో 0146 నొక్కి నేరుగా ’ వేస్తున్నాను.